కంచంలో పులుపు, గ్లాసులో పులుపు

నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల రాజప్రాసాదం ఉన్న చోట ఒక రాతి స్తంభం దొరికింది. దాని మీద చెక్కిన బొమ్మల్లో ఒకాయన ఈ దేశపు మనిషిలా కనిపించడు. కొద్దిపాటి గడ్డం, సగం ఒంటికే బట్ట, చేతిలో కొమ్ముతో చేసిన పానపాత్ర, పక్కన మద్యపు పీపా. ఆయన్ని గ్రీకుల ద్రాక్షాసవ దేవుడు డయొనైసస్‌గా చరిత్రకారులు గుర్తించారు. విజయపురి రాజధానిగా క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన నాటి పని అది. అదే లోయలో రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలపు బంగారు నాణెం ఒకటి, ఫౌస్టీనా రాణి బొమ్మతో వేసిన నాణెం మరొకటి బయటపడ్డాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి మధ్యధరా సముద్రంతో రాకపోకలు ఉన్నాయనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఆ దేవుడు పడమటికీ ప్రయాణం చేశాడు. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకు నావికులు ఇప్పటి మార్సెయ్ రేవులో దిగి ఊరు కట్టుకున్నారు, వెంట ద్రాక్ష తీగను తెచ్చుకున్నారు. తర్వాత రోమన్లు ఆ తీగను రోన్ నది వెంట ఉత్తరానికి పాకించారు. ఫ్రాన్సు అంటే వైన్ అని ఈనాడు ప్రపంచం అనుకోవడానికి మొదలు అక్కడే. పడమట తీగగా నాటుకున్నది తూర్పున మాచర్ల దాపున రాతి బొమ్మగా మిగిలింది.

ఈ రెండు ప్రయాణాలనూ కలిపే వస్తువు ఇంకొకటి ఉంది. అది రాయి. డయొనైసస్‌ను చెక్కింది పల్నాటి సున్నపురాయి మీద. అమరావతి స్తూపం పలకలు కూడా ఆ రాతివే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో వాటి పక్కన రాసే వివరాల్లో పల్నాడు పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. ఫ్రాన్సులో పేరున్న తెల్ల వైన్‌లలో ఒకటైన షాబ్లీ పుట్టేది కూడా సున్నపురాతి నేల మీదే. ఆ వైన్‌కు ఆ రుచి రాతి వల్లే వచ్చిందని అమ్మేవాళ్ళు చెబుతారు, తాగేవాళ్ళు నమ్ముతారు. రాయే రుచిని ఇచ్చేదైతే పల్నాటిలోని పిడుగురాళ్ళ, దాచేపల్లి నేలలు కూడా ఆ రుచికి హక్కుదారులు కావాలి. కాబట్టి ముందు రాతి సంగతి తేల్చుకుని, తర్వాత పళ్ళెం దగ్గరికి వద్దాం.

రాయి

షాబ్లీ బర్గండీ ప్రాంతానికి ఉత్తరపు కొసన, సెరాన్ అనే చిన్న నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ పండించేది షార్డొనే అనే ఒక్క రకం తెల్ల ద్రాక్షే. వాలు మీది మట్టిని చేత్తో చిదిపితే కామా గుర్తు ఆకారంలో చిట్టి చిప్పలు రాలతాయి. అవి సుమారు పదిహేను కోట్ల ఏళ్ళ కిందట అక్కడున్న వెచ్చని సముద్రంలో బతికిన ఆల్చిప్పలు. ఆల్చిప్పల మట్టిలో పెరిగిన వైన్‌ను ఆల్చిప్పలతోనే తాగాలని ఒక మాట అక్కడి నుంచే పుట్టింది. వినడానికి ఎంతో బాగుంటుంది, అందుకే అంత దూరం పాకింది.

అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ద్రాక్షతోటల కింది రాళ్ళ గురించి ఏళ్ళ తరబడి రాశారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. వేరు రాతిని తినదు. నీటిలో కరిగిన లవణాలను మాత్రమే, అవీ తనకు కావలసినంతే తీసుకుంటుంది. పండులోకి చేరే ఆ కొద్దిపాటి ఖనిజాలు మన నాలుక పసిగట్టే మోతాదుకు అందవు. పైగా సున్నపురాయికి చెప్పుకోదగ్గ రుచే లేదు. గ్లాసులో మనకు తోచే 'రాతి రుచి' పులుపు నుంచి, పులియబెట్టేటప్పుడు పుట్టే కొన్ని పదార్థాల నుంచి వస్తోంది. రాతి వల్ల తోటకు మేలు లేదని ఆయన అనరు. నీరు నిలవకుండా జారిపోవడం, ఎండల్లో కొంత తేమను పట్టి ఉంచడం, ఇవన్నీ రాయి చేసే పనులే. ఆ పనులు రైతుకు తెలుస్తాయి, నాలుకకు నేరుగా తెలియవు.

ఇంకో మాట. సున్నపురాయి పులుపుకు శత్రువు. రాతి మీద నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వస్తాయి. పులుపు విరిగిపోతోందన్నమాట. చలి ఎక్కువై ద్రాక్ష సరిగా పండని ఏడాది వైన్‌లో పులుపు మితిమీరితే, దాన్ని తగ్గించడానికి అక్కడివాళ్ళు సుద్దపొడి కలపడం కూడా ఉంది. మన దగ్గర నీరా దించేవాళ్ళు కుండ లోపల సున్నం పూస్తారు. ఆ సున్నం చెట్టు రసంలో పులుపు పుట్టకుండా, ఈస్ట్ పని మొదలుపెట్టకుండా ఆపుతుంది. పూయని కుండలో దిగేది కల్లు, పూసిన కుండలో దిగేది నీరా. రాయి నిజంగా పానీయంలోకి దిగితే ఏం చేస్తుందో చూపించడానికి మన తాడిచెట్టు చాలు.

పల్నాటి రాయి షాబ్లీ రాయి కన్నా చాలా పాతది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం భూమి మీద గుల్లలు కట్టుకునే జీవులు పుట్టకముందే అది సముద్రం అడుగున పేరుకుంది. అందుకే మాచర్ల నాపరాయిని ఎంత తరచి చూసినా గవ్వ కనపడదు. పొరలు పొరలుగా విడివడి పలకలుగా వస్తుంది. ఆ పలకలే ఇళ్ళకు గచ్చులు, అరుగులు, కొన్నిచోట్ల కప్పులు. ఆరువందల ఏళ్ళ కిందటి కవి శ్రీనాథుడి పేరిట ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులో నాపరాళ్ళకు చోటు దక్కింది, సజ్జ జొన్న కూళ్ళకూ దక్కింది. కొండవీటి రెడ్ల కొలువులో నేతి అన్నం తిన్న కవికి ఈ సీమ తిండి మింగుడుపడలేదు. నాకైతే ఆ ఫిర్యాదులో ఒక అమూల్యమైన సమాచారం కనిపిస్తుంది. నేల, నీరు, తిండి మూడింటినీ ఒకే గుక్కలో చెప్పాడాయన. అవి విడివిడి సంగతులు కావని ఆయనకు తెలుసు.

రాయి కాకపోతే షాబ్లీని షాబ్లీ చేసేదేమిటి? చలి. పండుతున్న ద్రాక్షలో రెండు ఆమ్లాలు ముఖ్యం, టార్టారిక్, మాలిక్. టార్టారిక్ మొండిది, ఎండకు పెద్దగా తగ్గదు. మాలిక్ ఆమ్లాన్ని పండు తన శ్వాసకే ఖర్చు పెట్టేస్తుంది. ఎండ ముదిరేకొద్దీ, రాత్రులు వేడెక్కేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. షాబ్లీ భూమధ్యరేఖకు ఉత్తరంగా 48 డిగ్రీల దరిదాపుల్లో ఉంది, మాచర్ల పదహారున్నర దగ్గర ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎండాకాలం వార్తల్లో తరచూ వినిపించే పల్నాటి ఊరు రెంటచింతల. అక్కడ పాదరసం 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. రెంటచింతల వేడికి ద్రాక్షలోని మాలిక్ ఆమ్లం కాయలోనే కరిగిపోతుంది. తియ్యదనం దండిగా ఉంటుంది, పులుపు చాలదు.

షాబ్లీ రైతు భయపడేది దీనికి సరిగ్గా విరుద్ధమైన దానికి. ఏప్రిల్‌లో మన మిరప రైతు కల్లాల్లో కాయ ఎండబెడుతుంటే, అక్కడ చిగురు తొడిగిన తీగల మీద మంచు పడుతుంది. రాత్రంతా సాళ్ళ మధ్య మైనపు దీపాలు వెలిగించి కాపలా కాస్తారు. కొందరు చిగుళ్ళ మీద నీళ్ళు చల్లుతూనే ఉంటారు. చలికి కాపాడటానికి నీళ్ళు చల్లడమేమిటని ఆశ్చర్యం వేస్తుంది. నీరు గడ్డకట్టేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది. చల్లుతూ ఉన్నంతసేపు ఆ మంచు తొడుగు లోపల చిగురు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, అంతకన్నా కిందికి దిగి చనిపోదు. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సు అంతటా పడ్డ మంచు ఇలాంటి జాగ్రత్తలను కూడా ఓడించింది.

పులుపు

ఇక్కడి నుంచి మన వంటింటికి దారి దగ్గరే. ద్రాక్షకు ముఖ్యమైన టార్టారిక్ ఆమ్లం పండ్లలో అరుదు. నిమ్మలో ఉండేది సిట్రిక్, పచ్చి మామిడిలోనూ ప్రధానంగా సిట్రిక్, మాలిక్‌లే. మనకు బాగా తెలిసిన పండ్లలో టార్టారిక్‌ను దండిగా పెట్టుకున్నవి రెండే రెండు. ఒకటి ద్రాక్ష, రెండోది చింత. చింతపండు గుజ్జు బరువులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఈ ఆమ్లమే. ఫ్రెంచివాడి గ్లాసులోని పులుపూ, గురజాల ఇల్లాలి పులుసులోని పులుపూ ఒకే అణువు.

ఆ అణువు రసాయనశాస్త్రం చరిత్రనే మలుపు తిప్పింది. వైన్ పీపాల అడుగున పేరుకునే గట్టి పొర నుంచి షీలే అనే స్వీడన్ రసాయనవేత్త 1769లో టార్టారిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. 1848లో పాతికేళ్ళ లూయీ పాశ్చర్ ఈ ఆమ్లపు లవణం స్ఫటికాలను భూతద్దం కింద పెట్టి చూశాడు. కొన్ని కుడి చేతిలా, కొన్ని ఎడమ చేతిలా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలుగా ఉన్నాయి. పట్టకారుతో వాటిని ఒక్కొక్కటిగా ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్ప ద్రావణం కాంతిని ఒకవైపు తిప్పింది, రెండోది అవతలివైపు తిప్పింది. అణువులకు కుడి ఎడమలు ఉంటాయని మనిషికి తెలిసింది అప్పుడే. ఈనాటి మందుల తయారీలో సగం జాగ్రత్తలు ఆ కుడి ఎడమల చుట్టూ తిరుగుతాయి. ప్రకృతిలో ద్రాక్ష తయారుచేసేది ఒక వైపుదే, చింతచెట్టు తయారుచేసేదీ సరిగ్గా ఆ వైపుదే. చారులో చింతపండు పిసికే ప్రతి చేతికీ పాశ్చర్ పట్టకారుతో చుట్టరికం ఉందనుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మజ్జిగకూ చుట్టరికం ఉంది. షాబ్లీ పులిసిన తర్వాత రెండో పులియడం ఒకటి జరగనిస్తారు. ఈసారి ఈస్ట్ ప్రమేయం ఉండదు, బ్యాక్టీరియా పని. గరుకైన మాలిక్ ఆమ్లాన్ని అవి మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పాలను పెరుగు చేసే బ్యాక్టీరియా కుటుంబానికి చెందినవే ఇవి. పెరుగులో పులుపు లాక్టిక్ ఆమ్లమే కదా. అంటే షాబ్లీ గ్లాసులో చింతపండు ఆమ్లం ఒకటి, మజ్జిగ ఆమ్లం ఒకటి కలిసి ఉన్నాయి. ఫ్రాన్సు అంత దూరం అనిపించదు ఇది తెలిశాక.

నాలుకకు పులుపు ఎలా తెలుస్తుందో శాస్త్రానికి తెలిసింది నిన్నమొన్ననే. 2018లో కాలిఫోర్నియా పరిశోధకులు రుచి కణాల్లో ఒటాప్-1 అనే ద్వారాన్ని కనుగొన్నారు. ఆమ్లం వదిలే హైడ్రోజన్ అయాన్లు ఆ ద్వారం గుండా కణంలోకి దూరుతాయి, కణం మెదడుకు కబురు పెడుతుంది. వెంటనే నోట్లో నీళ్ళూరతాయి. భోజనంలో పులుపు చేసే అసలు మేలు ఈ ఊటే. కొవ్వు నాలుకకు పూత పూస్తుంది, ఆ పూత మీద తర్వాతి ముద్ద రుచి సరిగా తెలియదు. ఊరిన లాలాజలం ఆ పూతను కడిగేస్తుంది. ప్రతి ముద్దా మొదటి ముద్దలా ఉంటుంది.

ఫ్రెంచివారి జతలన్నీ దాదాపు ఈ సూత్రం మీద నడిచేవే. ఆల్చిప్పలు ఉప్పగా, జిగటగా ఉంటాయి, పక్కన పుల్లని షాబ్లీ. లువార్ లోయలో మేకపాల చీజ్‌కు సాన్సేర్ అనే తెల్ల వైన్. చీజ్‌లోనే పులుపు ఉంది, అందుకే వైన్ దానికన్నా పుల్లగా ఉండాలి. వెన్నలో వేయించిన చేపకు, మీగడ కలిపిన కోడికూరకు తెల్ల వైన్‌లే. బోర్డో దగ్గర సొటర్న్ అనే తియ్యని వైన్ ఉంది. పండిన ద్రాక్షకు ఒక రకం బూజు పట్టి, నీరు ఇంకిపోయి, చక్కెర చిక్కబడ్డాక దాన్ని పిండుతారు. ఉప్పెక్కువైన రోక్‌ఫోర్ చీజ్‌తో అది తాగుతారు. ఉప్పూ తీపీ జత, మనం వేసవిలో పుచ్చకాయ ముక్క మీద ఉప్పు చల్లుకున్నట్టు.

చేపకు ఎర్ర వైన్ పనికిరాదనే పాత మాటకు కూడా కారణం దొరికింది. జపాన్ పరిశోధకులు 2009లో రకరకాల వైన్‌లను సముద్రపు గుల్లమాంసంతో కలిపి రుచి చూపించారు. నీచు వాసన రేగిన వైన్‌లలో ఇనుము ఎక్కువ ఉంది. ఇనుము చేప కొవ్వును తాకగానే క్షణాల్లో ఆ వాసనలు పుట్టిస్తోంది. తెల్ల వైన్‌లలో సాధారణంగా ఇనుము తక్కువ. తాతల నాటి అలవాటుకు రసాయనం వెన్నుదన్నుగా నిలిచిన సందర్భం ఇది, అన్ని అలవాట్లకూ ఆ అదృష్టం దక్కదు.

పల్నాటి పళ్ళెం

ఇప్పుడు షాబ్లీ సీసాను నరసరావుపేటలో ఒక భోజనం పక్కన పెడదాం. జొన్నన్నం, గోంగూర పచ్చడి, పండుమిరపకాయ కారం, చింతపండు వేసిన నాటుకోడి పులుసు. వైన్ ఇక్కడ ఓడిపోతుంది. ఎందుకు ఓడిపోతుందో తెలుసుకుంటే మన భోజనం గురించే ఎక్కువ తెలుస్తుంది.

మొదటి దెబ్బ పులుపుది. షాబ్లీలో లీటరుకు ఆరేడు గ్రాముల ఆమ్లం ఉంటుంది. నిమ్మకాయంత చింతపండు సుమారు నలభై గ్రాములు అనుకుంటే అందులో ఆమ్లం నాలుగు గ్రాములు. దాన్ని అరలీటరు పులుసులో పిసికితే లీటరుకు ఎనిమిది గ్రాముల లెక్క వస్తుంది. అంటే పులుసే వైన్ కన్నా పుల్లన. నాలుక ఎక్కువ పులుపుకు అలవాటుపడ్డాక తక్కువ పులుపు దానికి ఆనదు. గోంగూర తిన్న నోటికి షాబ్లీ చప్పగా, నీళ్ళలా తోస్తుంది. ఫ్రెంచి సీసా వెల ఎంతైనా ఫలితం ఒకటే. ఆ దేశపు వంటవాడు పులుపును గ్లాసులో ఉంచి కంచాన్ని వెన్నతో, ఉప్పుతో నింపాడు. మన ఇల్లాలు పులుపును కంచంలోనే పెట్టేసింది. పప్పులో చింతకాయ, కూరలో గోంగూర, చారులో చింతపండు, చివర్లో మజ్జిగ. కొవ్వును కడిగే పని మన దగ్గర కూరే చేసేస్తోంది. పక్కనున్న పానీయానికి ఆ పని మిగల్లేదు. ఫ్రెంచి భోజనానికి వైన్ ఎంత అవసరమో మన భోజనానికి అంత అనవసరం కావడానికి ఆచారం ఒక్కటే కారణం కాదని, వంట నిర్మాణమే కారణమని నా నమ్మకం.

రెండో దెబ్బ కారానిది, ఇది ఇంకా గట్టిది. గుంటూరు సన్నం మిరపకాయ ఘాటు స్కోవిల్ కొలమానంలో 35,000 నుంచి 40,000 వరకు ఉంటుంది. ఆ ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ తెచ్చేది రుచి కాదు, నొప్పి. మన నోటి నరాల కొసల్లో టీఆర్‌పీవీ-1 అనే గ్రాహకం ఉంది. అది 42, 43 డిగ్రీల వేడికి మేల్కొని 'కాలుతోంది' అని కబురు పంపాలి. క్యాప్సైసిన్ దాన్ని మామూలు వేడిలోనే మేల్కొలుపుతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని పట్టుకుంది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధనకు దారి చూపింది మిరపకాయ. ప్రపంచంలో దాన్ని ఎక్కువగా పండించే నేలల్లో మనది ఒకటి.

ఆల్కహాల్ కూడా ఆ గ్రాహకం మీదే పనిచేస్తుంది. ఇటలీ శాస్త్రవేత్తలు 2002లో చూపించినదేమిటంటే, ఆల్కహాల్ సమక్షంలో అది మేల్కొనే వేడి 42 నుంచి 34 డిగ్రీలకు దిగిపోతుంది. 34 అంటే మన ఒంటి వేడి కన్నా తక్కువ. మిరపకాయ మంట మీద పన్నెండు శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ పోస్తే, ఇదివరకే మేల్కొన్న గ్రాహకాన్ని మళ్ళీ తట్టి లేపినట్టు. పైగా ఆమ్లం కూడా అదే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. పుల్లగా, తీపి లేకుండా, ఆల్కహాల్ బాగా ఉండే వైన్ ఏదైనా కారానికి ఆజ్యమే. షాబ్లీకి ఈ మూడు గుణాలూ ఉన్నాయి.

కారానికి విరుగుడు మనకు తెలిసినవే. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, మంచినీళ్ళు గడగడా తాగినా మంట తగ్గదు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని చుట్టేసి గ్రాహకం నుంచి లాగేస్తుంది. తీపి మంటను మరిపిస్తుంది, చల్లదనం గ్రాహకాన్ని జోకొడుతుంది. కుండలో చల్లబడ్డ మజ్జిగలో కేసీన్ ఉంది, చల్లదనం ఉంది, చిటికెడు ఉప్పుంది, ఊటను తెప్పించే లాక్టిక్ ఆమ్లం ఉంది. మన పెద్దలు భోజనం చివర మజ్జిగ పోసుకోవడంలో ఎంత శాస్త్రం ఉందో ప్రయోగశాల ఇరవై ఒకటో శతాబ్దంలో లెక్కగట్టింది.

తెల్లారుజామున దించిన తాటికల్లు కూడా ఈ లెక్కకు సరిపోతుంది. తాడిచెట్టు రసంలో చక్కెర పది, పదిహేను శాతం దాకా ఉంటుంది. కుండలో పడ్డ గంటల్లోనే ఈస్ట్, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కలిసి దాన్ని పులియబెట్టడం మొదలుపెడతాయి. పొద్దున పూట ఆల్కహాల్ తక్కువ, తీపి ఎక్కువ, చిరుపులుపు, నురగ. కారపు కూరతో, వేయించిన శనగలతో అది బాగా పోతుందని గీత కార్మికుడు ఎవరైనా చెబుతాడు. మాపటికి తీపి చాలావరకు ఆల్కహాల్‌గా మారి నాలుగైదు శాతానికి చేరుతుంది, పులుపు పెరుగుతుంది, అప్పుడు అదే కూరతో మంట ఎక్కువవుతుంది. ఫ్రాన్సులో దీనికి దగ్గరగా నిలిచేది షాబ్లీ కాదు. లువార్ లోయలో తీపి కొంచెం మిగిల్చి చేసే వూవ్రే, జర్మనీ సరిహద్దున ఆల్జాస్‌లో గులాబీ వాసన వచ్చే గెవుర్జ్‌ట్రామినర్. వీటిలో పులుపు మరీ తీక్షణంగా ఉండదు, లేదా తీపి దాన్ని కప్పుతుంది. గోంగూర మాంసంతో తెల్ల వైన్ తాగాలనుకునే ప్రవాసాంధ్రులు వెతకవలసింది ఈ వరుసలో, బాగా చల్లబరిచి.

మిరపకాయ రాకముందు

పల్నాటి భోజనం ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోవడం పొరపాటు. మిరపకాయ పుట్టింది అమెరికా ఖండంలో. పోర్చుగీసు ఓడల మీద పదహారో శతాబ్దంలో గాని ఇక్కడికి రాలేదు. శ్రీనాథుడు తిన్న పల్నాటి జొన్నకూటిలో మిరపకాయ లేదు. డయొనైసస్‌ను చెక్కిన శిల్పి కూటిలో అసలే లేదు. కారమంటే మిరియం, ఆవాలు, అల్లం. వాటి ఘాటు వేరు. మిరియంలోని పైపరిన్ కూడా టీఆర్‌పీవీ-1 గ్రాహకాన్నే తాకుతుంది గాని క్యాప్సైసిన్ కన్నా చాలా బలహీనంగా.

వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. మేలిరకపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు, చివర గడ్డపెరుగు. మిరపకాయ లేని తెలుగు భోజనం ఎలా ఉండేదో ఆ పద్యం సాక్ష్యం చెబుతుంది. నెయ్యి, పప్పు, పెరుగు, మృదువైన పిండివంట. ఈ విస్తరి పక్కన షాబ్లీ హాయిగా కూర్చుంటుంది. నేతి పూతను దాని పులుపు కడుగుతుంది, పెసరపప్పు కమ్మదనాన్ని పైకి తెస్తుంది, రెచ్చగొట్టే కారం అడ్డు రాదు. రోమన్లు అంత గొప్పగా చెప్పుకున్న ఫాలెర్నియన్ కూడా తెల్ల ద్రాక్ష వైనే. విజయపురి ప్రాసాదంలో నెయ్యి, పెరుగు, కృష్ణ చేప ఉన్న విస్తరికి అది ఈనాటి మన విస్తరి కన్నా ఎన్నో రెట్లు బాగా ఒదిగి ఉండేది.

1752లో కొండవీడు ఫ్రెంచివారి చేతికి వచ్చేనాటికి పరిస్థితి మారింది. అప్పటికి మిరపకాయ తెలుగు వంటింట్లో చేరి తరాలు గడిచాయి. ఆ తర్వాతి పెద్ద మార్పు నీటితో వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీరు అందింది. కుడికాలువ కింద సజ్జ, జొన్న వెనక్కి తగ్గి వరి, పత్తి, మిరప ముందుకొచ్చాయి. విజయపురి లోయ నీట మునిగింది, డయొనైసస్ స్తంభంతో పాటు దొరికినవన్నీ కొండ మీది మ్యూజియానికి ఎక్కాయి. ఆయన చుట్టూ ఇప్పుడున్నది ప్రపంచంలోకెల్లా ఘాటైన తిళ్ళలో ఒకదాన్ని తినే సీమ.

అయినా పల్నాడులో షాబ్లీకి జత దొరకదని కాదు. కారం వేయని, పులుపు పిసకని వంటకాలు ఇప్పటికీ ఉన్నాయి. కృష్ణలో పట్టిన చేపకు ఉప్పు, మిరియప్పొడి పట్టించి తక్కువ నూనెలో వేయిస్తే అది ఫ్రెంచి నదీతీరపు వంటకానికి ఏమీ తీసిపోదు. కారం తక్కువగా చేసిన జంతికలు, చక్రాలు ఉప్పుతో, నూనెతో కరకరలాడుతూ ఆ పులుపు కోసమే ఎదురుచూస్తాయి. వెన్న రాసిన వేడి సజ్జ రొట్టె, పచ్చడి లేకుండా తినే పెసర గారె కూడా అంతే. పచ్చడి గిన్నె పక్కకు వచ్చిందంటే మాత్రం సీసా మూత పెట్టేసి మజ్జిగ కుండ దగ్గరికి జరగడమే సరైన పద్ధతి.